మూడో కడుగు

పదహారు లీటర్ల డబ్బా.
పలమనేరులో కొన్ననాడు చిలకపచ్చ,
ఇప్పుడు ఏ రంగంటే నేనే చెప్పలేను.
ఎడమ పట్టీ తెగితే పాతచీర అంచు పేని కట్టుకున్నా.
నా వీపుకు అదే మెత్తన.

చెంగల్రాయులు అడిగితే ఇచ్చినా.
పక్క కయ్య వాడు,
నీళ్ల వంతులో ఏనాడూ మాట జారనోడు.
మూడోనాడు తెచ్చి గెనిమ మీద పెట్టి
"కడిగినాన్లే అక్కా" అన్నాడు.
చూస్తే కడిగినట్టే ఉండాది.
మూత తీసి వాసన చూస్తే
ఎండకు కాగిన ప్లాస్టిక్కు వాసన, అంతే.

నమ్మినా.
నాటి ఇరవై దినాలైన టమోటాకు
పురుగుమందు కలిపి, భుజాలకెత్తుకుని,
సాలు వెంబడి సాలు కొట్టినా.

నాలుగో పొద్దున పోయి చూస్తే
చిగుళ్లు జడ పేనినట్టు మెలి తిరిగినాయి.
ఆకు ఆకులా లేదు,
ఈనెలు తప్ప ఏమీ మిగలని సన్న దారాలు.
ముడత తెగులు నాకు తెలుసు.
ఇది అది కాదు.

అడిగితే అప్పుడు చెప్పినాడు,
చెరుకులో కొట్టింది గడ్డిమందని.
"కడిగినా గదక్కా" అని మళ్లీ అన్నాడు,
ఈసారి కాళ్ల కింద మట్టిని చూస్తా.

అరెకరా.
తిట్టడానికి మాట వెతుక్కునే లోపల
బోరుకు కరెంటు వచ్చింది,
స్టార్టరు కాడికి పరిగెత్తినా.
ఆ తిట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

వాషర్ల కోసం పోయిననాడు
అంగట్లో దస్తగిరి అన్నాడు:
"మొదటి కడుగు కంటికమ్మా,
రెండోది ముక్కుకు,
మూడోది చెట్టుకు.
అందరూ ముక్కు కాడ ఆపేస్తారు."

అప్పటినుంచి
గుట్ట కింద ఏ పంటా లేని రాళ్లనేలలో కూచుంటా,
బాయికీ కాలవకూ దూరంగా.
ముందు కోళ్లను తరుముతా.
సగం డబ్బా నీళ్లు పోసి, మూత బిగించి, కుదిపి,
పైపులో నుంచి, గన్నులో నుంచి, నాజిల్లో నుంచి
ఆఖరు చుక్క పోయేదాకా పంపు కొడతా.
చెంగల్రాయులు కడిగింది కడుపు.
పేగులు కడగలేదు.
బోటీ కడిగే ఆడదాన్ని అడగండి,
ఆ తేడా ఎంతో చెప్తాది.

రెండో నీళ్లలో బట్టల సోడా.
రాత్రంతా నానాల, గొట్టంతో సహా.
తెల్లారి నాజిల్ విప్పుతా.
మేకు పెట్టను, దబ్బనం పెట్టను,
కన్నం పెరిగితే మంచు పోయి వాన పడతాది.
పాత పళ్ల బ్రష్షు చాలు,
మొండికేస్తే చీపురు పుల్ల.
నోట పెట్టి ఊదడం మా నాయనతోనే పోయింది.
ఆయన ఊదేవాడు,
ఊది, తుప్పున ఉమ్మి,
వక్కాకు నమిలేవాడు.
జల్లెడ దులిపి, వాషరుకు ఆముదం బొట్టు రాసి,
డబ్బాను దూలానికి తలకిందులుగా వేలాడదీస్తా,
మూత పెట్టకుండా.

మూడో నీళ్లు మంచినీళ్లు.
కొట్టం పక్కన పగిలిన బకెట్లో
ఒక టమోటా మొక్క పెంచుతా ఉండా,
కాయలకు కాదు.
దాని మీద కొడతా ఆ నీళ్లు.
నాలుగు దినాలు చూస్తా.
దానికి పేరు పెట్టలేదు,
పెడితే కొట్టడానికి చెయ్యి రాదు.

మొన్న చెంగల్రాయులు మళ్లీ వచ్చినాడు.
వాకిట్లో నిలబడి తువ్వాలు మడత పెడతాడు, విప్పుతాడు.
నేనేమీ అనలేదు.
దూలం మీది డబ్బా దించి ఇచ్చినా.

నిన్న పొద్దున తెచ్చినాడు.
ఒక చేతిలో డబ్బా,
ఇంకో చేతిలో పెయింటు డబ్బాలో వాడి సొంత టమోటా మొక్క,
ఆకుల మీద నీళ్లు ఇంకా ఆరలేదు.
"నాలుగు దినాలు నీ దగ్గరే పెట్టుకో అక్కా" అన్నాడు,
కడిగినానని మాత్రం అనలేదు.

ఇది రెండో దినం.
పొద్దునా మాపునా వంగి చూస్తా ఉండా.
గెనిమ మీద నుంచి వాడూ చూస్తా ఉండాడు,
చెరుకు చూస్తున్నట్టు.